ఆక్సో గుడ్ గ్రిప్స్ పీలర్: పదును కంటే పిడి గొప్పది

కూరగాయల చెక్కు తీసే పీలర్‌ను అంచనా వేయడానికి రెండు బంగాళాదుంపలు చాలవు, ఎందుకంటే ఎంత నాసిరకం పీలరైనా ఆ మాత్రం పని చేసి పెడుతుంది. మాగాయ కోసం బుట్టెడు పచ్చి మామిడికాయలు ముందు వేసుకుని కూర్చున్నప్పుడు, సొన, పులుపు రసం కలిసి వేళ్ళు జారిపోతూ, బొటనవేలి మొదట్లో సలుపు మొదలయ్యాక గాని పీలర్ అసలు గుణం బయటపడదు. ఆ పరీక్షకు నిలబడే పీలర్‌గా నేను నిస్సంకోచంగా చెప్పగలిగినది ఆక్సో వారి గుడ్ గ్రిప్స్ రకం. ఇది నిలువు పీలర్. అంటే బ్లేడు పిడికి కొనసాగింపుగా ఉండి, కాయ వంపును బట్టి అటూ ఇటూ తిరుగుతుంది.

ఈ వస్తువు పుట్టుకలోనే దాని రూపానికి కారణం ఉంది. అమెరికాలో వంటింటి సామాన్ల వ్యాపారంలో జీవితమంతా గడిపి విశ్రాంతి తీసుకుంటున్న శామ్ ఫార్బర్, కీళ్ళవాతం వల్ల భార్య బెట్సీ మామూలు పీలర్‌ను పట్టుకోలేక ఇబ్బంది పడటం గమనించి, న్యూయార్క్‌లోని స్మార్ట్ డిజైన్ సంస్థతో కలిసి కొత్త పిడి తయారీకి పూనుకున్నారు. 1990లో గుడ్ గ్రిప్స్ పనిముట్లు బజారులోకి వచ్చాయి. ఆ పీలర్ తరువాత న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం సేకరణలో చోటు సంపాదించుకుంది. మ్యూజియం మాట ఎలా ఉన్నా, నొప్పి ఉన్న చేతిని దృష్టిలో పెట్టుకుని చేసిన వస్తువు నొప్పి లేని చేతికి ఇంకా హాయిగా ఉంటుందన్న సంగతిని ఇంత స్పష్టంగా చూపించిన వంటింటి పనిముట్టు మరొకటి నాకు తెలియదు.

ఆ హాయి ఎక్కడి నుంచి వస్తుందో కాస్త వివరంగా చూడాలి. మన బజారులో దొరికే సన్నటి రేకు పీలర్‌ను, అది చేతిలో తిరిగిపోకుండా ఉండాలంటే వేళ్ళ కొసలతో గట్టిగా అదిమి పట్టాలి. ఆ బలంలో ఎక్కువ భాగం తొక్క తీయడానికి కాక, కేవలం పనిముట్టును పట్టుకోవడానికే ఖర్చయిపోతుంది. గుడ్ గ్రిప్స్ పిడి లావుగా, కోలగా ఉంటుంది. లావుగా ఉండటం వల్ల పిడికిలి బిగించనవసరం లేదు, ఒత్తిడి అరచేయంతా పరచుకుంటుంది. గుండ్రంగా కాక కోలగా ఉండటం వల్ల రసం అంటిన చేతిలో కూడా పిడి గిర్రున తిరగదు. దాన్ని శాంటోప్రీన్ అనే రబ్బరు వంటి పదార్థంతో చేశారు. బొటనవేలూ చూపుడువేలూ ఆనే చోట రెండు వైపులా పలచటి రెక్కల వరుసలు ఉన్నాయి. నొక్కితే అవి వంగి, ఎవరి వేలికి తగ్గట్టు వారికి ఒదుగుతాయి. చూడగానే అలంకారమనిపించే ఆ రెక్కలే ఈ పిడికి ప్రాణం.

మన కోస్తా ఇళ్ళలో పూర్వం మాగాయ కాయలకు ఆల్చిప్పతో చెక్కు తీసేవారు. చిప్పను రాతి మీద అరగదీసి చిల్లు చేస్తే, ఆ చిల్లు అంచే బ్లేడు. చిప్ప వంపు అరచేతిలో సరిగ్గా ఇమిడిపోయేది కాబట్టి దాన్ని కూడా అదిమి పట్టవలసిన పని లేదు. చేతి సుఖం విషయంలో ఆల్చిప్పకు దగ్గరగా వచ్చేది రేకు పీలర్ కాదు, ఈ లావు పిడి పీలరే.

స్విట్జర్లాండ్ వారి రెక్స్ పీలర్‌ను మెచ్చుకునేవారు ఉన్నారు. 1947 నాటి ఆ అల్యూమినియం పీలర్‌ను ఆ దేశం 2004లో తపాలా బిళ్ళ మీద కూడా ముద్రించింది. బ్లేడు అడ్డంగా ఉండటం వల్ల ఆనపకాయ వంటి పొడుగు కాయల మీద అది చకచకా నడుస్తుంది, బరువు కూడా నామమాత్రం. అయితే దాని పిడి వంచిన రేకే కాబట్టి, కీళ్ళ నొప్పులు ఉన్నవారికి నేను దాన్ని సూచించను.

ఇక మన కూరగాయల సంగతి. బీరకాయకు ముందు ఈనెల మీదుగా నిలువునా లాగి, ఆ తరువాత మిగతా తొక్క తీస్తే, తొక్కు పచ్చడికి పనికివచ్చే పొడుగాటి చెక్కులు వస్తాయి. క్యారెట్, దోసకాయ చెప్పనవసరం లేదు. గుమ్మడి, కంద జోలికి మాత్రం దీన్ని తీసుకుపోవద్దు; అవి కత్తికి వదిలిపెట్టవలసినవి. బ్లేడుకు రెండు అంచులూ పదునే గనుక ఎడమచేతి వాటం వారికీ ఇబ్బంది లేదు. బంగాళాదుంప కళ్ళు తీయడానికి బ్లేడు చివర మొన ఉంది.

లోపాలు లేవని కాదు. ఈ మామూలు రకంలో బ్లేడు మొద్దుబారితే మార్చుకునే వీలు లేదు, అంటే అంత మంచి పిడినీ దానితో పాటే పారవేయవలసిందే. చిన్న చేతులు ఉన్నవారికి పిడి మొదట కాస్త మొరటుగా తోచవచ్చు. ధర అమెరికాలో 10 డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. మన వీధి చివర కొట్లో దొరికే పీలర్‌తో పోలిస్తే చాలా ఎక్కువే. రోజుకు ఒక దుంప చెక్కు తీసుకునేవారు అంత పెట్టనవసరం లేదు. చేతుల నొప్పులు ఉన్న పెద్దవారు ఉన్న ఇంటికి, ఏటా ఊరగాయలు పెట్టే ఇంటికి మాత్రం ఆ డబ్బు దండగ కాదు.

ఊరగాయలు పెట్టేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. రెక్కల సందుల్లో నీరు నిలుస్తుంది, పిడి పైపైన తుడిస్తే పోదు. పచ్చడికి తడి తగలకూడదు కాబట్టి, పీలర్‌ను ముందు రోజే కడిగి, పిడి చివర ఉన్న పెద్ద రంధ్రంతో మేకుకు తగిలించి, పూర్తిగా ఆరాకే మామిడికాయల మీద పెట్టాలి.