నల్గొండ క్లాక్ టవర్ దగ్గరి బరువు క్లినిక్: డాక్టర్‌కి ఫుల్ మార్కులు, కౌంటర్‌కి సున్నా

బరువు తగ్గిస్తామని బోర్డు పెట్టి పౌడర్ డబ్బాలు అంటగట్టే బాపతు కాదు ఇది, ఎండీ డాక్టరే చూస్తారు. మా బాపుని తీసుకెళ్తే ముందు టేపుతో నడుము కొలిచారు. మనవాళ్లలో మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే రిస్క్ మొదలైనట్టే, ఆ పొట్ట కొవ్వే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అన్నిటినీ పెంచి గుండె మీదికి తెస్తుందని ఓపిగ్గా చెప్పారు.

బరువు తగ్గడానికి అందరూ అడిగే వారానికో ఇంజెక్షన్ సంగతి మేమూ అడిగాం. ఆ ఇంజెక్షన్‌లోని మందు సెమాగ్లుటైడ్ మీద 2023లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో, షుగర్ లేకుండా, అప్పటికే గుండె జబ్బు ఉన్న అధిక బరువు వాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి చూస్తే 20 శాతం తగ్గాయట, కానీ వికారం, వాంతులు ఉంటాయి, ఆపేస్తే బరువు చాలావరకు మళ్లీ వస్తుంది, ఖర్చు సరేసరి. మాకైతే రాయలేదు. అన్నం తగ్గించి జొన్నరొట్టె, పప్పు, కూరలు, రోజూ నడక అన్నారు (రొట్టెలు ఎన్నైనా తినొచ్చని బాపు అర్థం చేసుకున్నాడు, అది వేరే గొడవ).

టోకెన్ల దగ్గర మాత్రం పద్ధతీ పాడూ లేదు, తెలిసినవాళ్లని ముందు పంపిస్తారు. ఈసీజీ అక్కడే తీస్తారు, ఎకోకి (గుండె స్కాన్) బయటికి వెళ్లాలి. సాయంత్రం బండి పెట్టడానికి జాగా దొరకదు, పొద్దున్నే వెళ్లండి.