పాత మాసీ 1035కి ఆయిల్ కారుడు: ఏ రిపేరు నిలిచింది, ఏది నిలవలేదు

మా నాన్న ఎనభైల్లో కొన్న మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు ఇంకా పనిలోనే ఉంది. దమ్ముకి వేరే బండి వచ్చాక దీనికి ట్రక్కు లాగడం, పీటీఓ (వేరే యంత్రాలు తిప్పడానికి బండి వెనక ఉండే షాఫ్టు) మీద చిన్నాచితకా పనులు మిగిలాయి. ఇంజిన్‌కి ఢోకా లేదు, లిఫ్టు ఇప్పటికీ బస్తాలు కట్టిన గొర్రుని ఎత్తుతుంది. ఈ వయసు బండి ఉన్న ఇళ్ళన్నిటిలో ఉండే జబ్బే దీనికీ ఉంది, నిలబెట్టిన చోటల్లా నూనె మచ్చ. ఏళ్ళ తరబడి మార్చిన సీళ్ళు, ప్యాకింగులు, పూసిన బాండ్లు, పోసిన మందుల్లో దేనికి పెట్టిన డబ్బు దక్కిందో రాస్తున్నాను.

ఈ బండి మూలం ఇంగ్లండులో 1956లో వచ్చిన ఫెర్గూసన్ 35. దానికి 1959 చివర్లో పెర్కిన్స్ 3.152 ఇంజిన్ పెట్టారు. మూడు సిలిండర్లు, 152 ఘనపు అంగుళాలు, అంటే సుమారు రెండున్నర లీటర్లు. చెన్నైలో టాఫె 1960లో మొదలై ఆ వంశాన్నే మన పొలాల్లోకి దించింది. అందుకే దీనికి ఏ ఊళ్ళోనైనా సామాను దొరుకుతుంది, ఏ మేస్త్రి అయినా చెయ్యి పెడతాడు. ఆ చెయ్యి పెట్టడంతోనే అసలు చిక్కు. కారుతుందనగానే ప్యాకింగ్ మార్చేస్తారు, ఎందుకు కారుతుందో చూడరు.

మా బండికి ట్యాపెట్ కవరు ప్యాకింగ్ మార్చినా రెండు నెలలకే మళ్ళీ తడి కనిపించేది. ఛాంబర్ (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టి) అంచు కూడా అంతే. చివరికి మా పక్క ఊరి పెద్ద మేస్త్రి ఆయిల్ పోసే మూత తీయించి, ఇంజిన్ నడుస్తుండగా ఆ రంధ్రం మీద అరచెయ్యి ఆనించాడు. "గాలి ఎట్టా తంతుందో చూడు అబ్బాయ్, బ్రీదర్ చూశారా అసలు?" అన్నాడు. బ్రీదర్ అంటే ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం. అది విప్పితే లోపల కుమ్మరి పురుగు కట్టిన మట్టి గూడు, దాని వెనక జిగురులా గట్టిపడిన మడ్డి. పిస్టన్ల పక్కనుంచి దిగే గాలికి బయటికి దారి లేకపోతే అది ఛాంబర్‌లో ఒత్తిడి పెంచి, మెత్తగా ఉన్న ప్రతి అతుకులోంచీ నూనెను నెడుతుంది. గొట్టాన్ని డీజిల్‌తో కడిగి పెట్టాక, పాత ప్యాకింగుతోనే తడి సగానికి పైగా తగ్గింది. ఈ జాబితాలో మొదటి మార్కు దానికే, ఖర్చు గ్లాసుడు డీజిల్. బ్రీదర్ శుభ్రంగా ఉన్నా మూత దగ్గర పొగ బుసబుసా కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగాయన్నమాట, అప్పుడు సీళ్ళ మీద డబ్బు తగలేయకండి.

క్లచ్ హౌసింగ్ అడుగున ఒక రంధ్రం, అందులో వేలాడే స్ప్లిట్ పిన్ను ఉంటాయి. అక్కడ చుక్క పడుతుంటే తెల్ల కాగితం పెట్టి రాత్రంతా వదిలేయండి. చుక్క నల్లగా ఉంటే అది ఇంజిన్ ఆయిల్, క్రాంక్ వెనక సీలు పోయింది. తేనె రంగులో ఉండి గేరు నూనె ఘాటు వాసన వస్తే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలు. రెండింటికీ బండిని మధ్యకి విడదీయాల్సిందే. అయినా ఏది పోయిందో ముందే తెలిస్తే సామాను చేతిలో పెట్టుకుని విప్పవచ్చు. ఆ పిన్ను పోయిందని కొందరు రంధ్రానికి గుడ్డ కుక్కుతారు. అలా చేస్తే నూనె క్లచ్ ప్లేటుకి ఎక్కి, ఎత్తు రోడ్డు మీద లోడుతో క్లచ్ జారుతుంది.

మా బండికి క్రాంక్ వెనక ఉండే రోప్ సీలు మార్చాం. రెండు అర్ధచంద్రాకారపు ఇనప ముక్కల్లో నూనె పట్టిన తాడులాంటిది కూర్చుని ఉంటుంది. ఈ పని తెలిసినవాడి చేతిలో పడితే ఏళ్ళు ఆగుతుంది, తొందరపడేవాడి చేతిలో పడితే మర్నాడే కారుతుంది. మా మేస్త్రి చేసింది ఇది. ముందుగా తాడు రెండు చివర్లనూ ఒక్కో అంగుళం గాడిలోకి దింపి, మధ్య భాగాన్ని ఉబ్బి ఉండనిచ్చాడు. తర్వాత నడుమ నుంచి అటూ ఇటూ నొక్కుతూ వచ్చి, గుండ్రటి కడ్డీతో అప్పడాల కర్ర తిప్పినట్టు తిప్పి అణిచాడు. చివర్లు అంచుకి పైన పావు నుంచి అర మిల్లీమీటరు మిగలాలి. అందరూ బ్లేడుతో సమానంగా కోసేస్తారు, అక్కడే కారుతుంది. ఆ మిగులే రెండు ముక్కలూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి ఒత్తుకుని దారి మూస్తుంది. క్రాంక్ మీద గ్రాఫైట్ గ్రీజు రాసి బిగించాక చేత్తో తిప్పి చూశాడు, కొంచెం బిగువుగా తిరిగింది. అలాగే తిరగాలి. మాది ఇప్పటికీ పొడిగా ఉందని చెప్పను. వారానికో చుక్క పడుతుంది, రోప్ సీలుకి అది మంచి మార్కే.

బండి విడదీసేటప్పుడు ముందు యాక్సిల్‌కీ దాని పైనున్న దిమ్మకీ మధ్య రెండు వైపులా కదలకుండా ఏటవాలు చెక్క ముక్కలు బిగించి కొట్టారో లేదో మీరే చూడండి. యాక్సిల్ మధ్య పిన్ను మీద ఊగే రకం కాబట్టి, అవి లేకపోతే విడిపోయిన ఇంజిన్ పక్కకి ఒరుగుతుంది. ఆ ఇనుముకి అడ్డం పడేంత బలం ఎవరికీ లేదు.

చుక్కలు ఎక్కడ పడినా సర్దుకుంటాను గానీ, వెనక చక్రం లోపలికి కారితే మాత్రం ఒక్కరోజు కూడా ఊరుకోను. ఈ బండిలో గేరు, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ అన్నిటికీ ఒకటే నూనె, దాదాపు 30 లీటర్లు. వెనక చక్రాన్ని తిప్పే హాఫ్ షాఫ్టు సీలు పోతే అది బ్రేకు డ్రమ్ములోకి దిగుతుంది. ట్రక్కు నిండా ధాన్యం బస్తాలతో కాలవ గట్టు దిగుతుంటే బ్రేకు ఒక్క పక్కే పట్టి, బండి రెండో చక్రాన్ని వదిలేసి ఒక వైపుకి గుంజుతుంది. డెల్టాలో ఈ సీలు మిగతా చోట్లకంటే తొందరగా పోతుంది, దమ్ము చక్రాలతో బురదలో తిరిగిన ప్రతిసారీ ఇసుక, సన్నమట్టి సీలు పెదవి (షాఫ్టుని ఆనుకునే రబ్బరు అంచు) కింద చేరతాయి.

సీలు మార్చినా ఆగకపోతే షాఫ్టు మీద గోరు నడపండి. సీలు ఆనే చోట గోరు తగులుకునే గాడి ఉంటే ఎంత మంచి సీలు వేసినా లాభం లేదు. లేతు షాపులో పల్చటి స్లీవు ఎక్కిస్తే అదే శాశ్వతం. అంత ఖర్చు వద్దనుకుంటే కొత్త సీలుని పాత స్థానం నుంచి రెండు మిల్లీమీటర్లు ఇవతల కూర్చోబెడితే పెదవి నున్నటి చోట పడుతుంది. మేం ఒక పక్క స్లీవు, రెండో పక్క ఈ ఉపాయం చేశాం, రెండూ ఇంకా నిలిచే ఉన్నాయి. ఇక్కడ డూప్లికేట్ సీళ్ళతో జాగ్రత్త. పైన పెట్టె అచ్చం ఒకేలా ఉంటుంది. లోపల స్ప్రింగు వదులుగా, రబ్బరు నొక్కితే చెక్కలా ఉంటే తిరిగి ఇచ్చేయండి. నూనెతో నానిన లైనింగుని మాత్రం పెట్రోలుతో కడిగి మళ్ళీ వాడకండి. వేడెక్కితే లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది.

సిలికాన్ బాండు గురించి ఒక మాట. వాటర్ బాడీ (నీళ్ళ పంపు) దగ్గరా, గట్టి ఇనుము మీద ఇనుము కలిసే చోటా పల్చగా రాస్తే బాగానే పనిచేస్తుంది. వేలు లావు పూస్తే మాత్రం లోపలికి ఉబ్బిన ముక్కలు తెగి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడతాయి. ట్యాపెట్ కవరుకి నాకు పాత కార్కు ప్యాకింగే నచ్చింది, ఒక్క వైపు మాత్రం షెల్లాక్ (లక్క జిగురు) రాయాలి. బిగింపు వేళ్ళ బలంతో చాలు. ఇంకా గుంజితే కార్కు పక్కకి పిగిలిపోతుంది.

లీకేజీ ఆపుతాయని ఆయిల్‌లో కలిపే మందు సీసాలు వాడాను. రబ్బరుని కాస్త ఉబ్బించి ఒక సీజను లాగుతాయి. తాడుకీ కార్కుకీ వాటితో పని లేదు. ఆ డబ్బుతో రెండు సీళ్ళు వస్తాయి.

డీజిల్ పైపుల దగ్గరి రాగి వాషర్లు మార్చక్కర్లేదు. ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే మళ్ళీ మెత్తబడి కూర్చుంటాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గకపోగా పెరుగుతుంటే మాత్రం సంతోషించకండి. లిఫ్ట్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే పంపు) లోపలి డయాఫ్రమ్ పొర చిరిగి డీజిల్ ఛాంబర్‌లోకి దిగుతుందేమో చూడండి. ఆ పల్చటి నూనెతో బండి నడిపితే బేరింగులు పోతాయి.

ఇప్పుడు మా బండికి పీటీఓ షాఫ్టు సీలు ఒక్కటి మిగిలింది. దాళ్వా నూర్పిళ్ళు అయ్యాక విప్పుతాం. బండి మూతిని పల్లం వైపు పెట్టి నిలబెడితే నూనె ముందుకి జరిగి, 30 లీటర్లూ దింపకుండానే ఆ సీలు మార్చుకోవచ్చట. మా గట్టు వాలు సరిపోకపోతే పదో పదిహేనో లీటర్లు దింపుకుంటాం, డబ్బాలు కడిగి పెట్టాను.