ఒకే వెండి పట్టీ మీద టొరంటో, మాంట్రియల్: హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లొచ్చాం

శనివారం రాత్రి మా ఇంట్లో టీవీలో ఐస్ హాకీ పెట్టామంటే రెండు పార్టీలు. మా ఆయనది టొరంటో జట్టు మాపుల్ లీఫ్స్, మా బాబుది మాంట్రియల్ జట్టు కెనడియన్స్. వాడు పుట్టింది మాంట్రియల్‌లో, వాడికి మూడేళ్లప్పుడు ఉద్యోగం మారి టొరంటో పక్కన మిస్సిసాగాకి వచ్చేశాం, ఇల్లు మారింది గానీ వాడి జట్టు మాత్రం మారలేదు. ఇప్పుడు పదకొండేళ్లు. స్కూల్లో అందరూ నీలం జెర్సీలు, వీడొక్కడే ఎరుపు. ఒకరోజు మొహం చిన్నబుచ్చుకుని వచ్చి, "అమ్మా, రెండు జట్లకీ ఆడినవాళ్లు అసలెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఉన్నారని తెలుసు, ఒకటి రెండు పేర్లు చెప్పాను కూడా, కానీ వాడి కళ్లతో వాడు చూడాలనిపించింది. తెనాలి నుంచి మా నాన్న కూడా వచ్చి ఉన్నారు, అందరం కలిసి వెళ్లాం.

హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ అంటే గొప్ప హాకీ ఆటగాళ్ల మ్యూజియం, టొరంటో డౌన్‌టౌన్‌లో యంగ్ స్ట్రీట్, ఫ్రంట్ స్ట్రీట్ కలిసే మూలన బ్రూక్‌ఫీల్డ్ ప్లేస్‌లో ఉంది. రైల్లో వెళ్లండి. యూనియన్ స్టేషన్‌లో దిగితే లోపల దారిలోనే నడిచి వెళ్లిపోవచ్చు, చలికాలంలో పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇది చాలా హాయి. మేం కారు తీసుకెళ్లాం, దగ్గర్లో ఒక పార్కింగ్‌లో పెడితే బోర్డు మీద ఉన్న రేటు ఒకటి, చివర్లో తీసుకున్నది ఇంకొకటి, నాన్న ముందు చాలా ఇబ్బందిగా అనిపించింది.

హాల్ ఉన్న పాత భవనం 1885లో బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్ వాళ్లు కట్టుకున్నది. అంటే టొరంటో నడిబొడ్డున హాకీ గుడి ఉన్నది మాంట్రియల్ పేరున్న బ్యాంకులో. ఈ మాట వినగానే మా బాబు మొహం వెలిగిపోయింది. 1993లో హాల్ ఇక్కడికి మారింది. పైన రంగు రంగుల గాజు గుమ్మటం, కింద ఐస్ హాకీ లీగ్ విజేతకి ఏటా ఇచ్చే స్టాన్లీ కప్, చుట్టూ గొప్ప ఆటగాళ్ల ఫలకాలు. నాన్న చాలాసేపు తలెత్తి గుమ్మటాన్నే చూస్తూ నిలబడిపోయారు.

అందరూ నేరుగా కప్ దగ్గరికి పరిగెడతారు. మీరు మాత్రం ముందు వాల్ట్‌లోకి వెళ్లండి, నేను చెప్పేదంతా అక్కడే మొదలవుతుంది. బ్యాంకు వాళ్లు డబ్బు దాచుకున్న పాత ఖజానా గది అది. 1892లో కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ ఇచ్చిన అసలు గిన్నె అందులోనే ఉంది. దాంతోపాటు కప్ మీద నుంచి తీసేసిన పాత పట్టీలు కూడా. కప్ కింది భాగానికి కడియాల్లా వెడల్పాటి పట్టీలు ఉంటాయి, ఒక్కో దాని మీద పదమూడేళ్ల విజేతల పేర్లు పడతాయి. అన్నీ నిండిపోతే పై పట్టీ తీసి ఇక్కడ పెట్టి, కింద కొత్తది తొడుగుతారు. 2018లో అలా తీసిందే 1954 నుంచి 1965 వరకూ గెలిచినవాళ్ల పట్టీ.

ఆ ఒక్క పట్టీ కోసమైనా వెళ్లొచ్చు. బర్ట్ ఓమ్‌స్టెడ్ పేరు 1956, 57, 58లో మాంట్రియల్ కింద ఉంటుంది, మళ్లీ 1962లో టొరంటో కింద ఉంటుంది. 1958లో మాంట్రియల్ ఆయన్ని కాపాడుకోవాల్సిన ఆటగాళ్ల జాబితాలో పెట్టుకోలేదు, టొరంటో తీసుకుంది. ఆ తర్వాత వరసగా రెండేళ్లు, 1959లో, 1960లో, ఫైనల్ ఈ రెండు జట్ల మధ్యే, రెండుసార్లూ మాంట్రియలే గెలిచింది. తనని వదిలేసిన జట్టు చేతిలో రెండు ఫైనల్స్ ఓడి, ఇంకో రెండేళ్లు ఆగి, టొరంటోతో కప్ ఎత్తాడు. మా ఆయనకి కూడా ఈ సంగతి తెలియదు.

డిక్ డఫ్ పేరూ అక్కడే ఉంది. 1962, 63లో టొరంటో, 1965లో మాంట్రియల్. 1964లో టొరంటో ఆయన్ని మరికొందరితో కలిపి న్యూయార్క్ రేంజర్స్‌కి ఇచ్చి ఆండీ బాత్‌గేట్‌ని తెచ్చుకుంది, అదే ఏడాది చివర్లో న్యూయార్క్ నుంచి డఫ్ మాంట్రియల్‌కి వెళ్లిపోయాడు. ఈ బాత్‌గేట్ ఎవరో కాదు, 1959 నవంబర్ 1న మాంట్రియల్ గోలీ (గోల్‌కీపర్) జాక్ ప్లాంట్ ముఖానికి పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) తగిలింది ఈయన షాట్‌కే. ప్లాంట్ కుట్లు వేయించుకుని మాస్క్ పెట్టుకుని తిరిగొచ్చాడు, గోలీలు మాస్క్ పెట్టుకోవడం అక్కడి నుంచే అలవాటుగా మారింది. ప్లాంట్ పేరు ఆ పట్టీ మీద ఒక్కో ఏడాది ఒక్కో రకంగా చెక్కారు, 1963 దగ్గర లీఫ్స్ స్పెల్లింగ్ కూడా తప్పు పడింది. మా బాబు అవన్నీ వెతికి పట్టుకున్నాడు. పిల్లలతో వెళ్లేవాళ్లు వాళ్లకి ఈ పని అప్పగించండి, అరగంట కదలరు.

ఇప్పుడు కప్ దగ్గరికి రండి. ముట్టుకోవచ్చు, పక్కన నిలబడి ఫోటో తీసుకోవచ్చు. పైనున్న పెద్ద పట్టీ 1966 నుంచి 1978 వరకు. దాని మీద 1967 వెతకండి, టొరంటో ఆఖరిసారి గెలిచింది అప్పుడే, గెలిచింది కూడా మాంట్రియల్ మీద. ఆ ఏడాది టొరంటో పేర్లలో ఫ్రాంక్ మహోవ్లిచ్ ఉంటాడు. అదే పట్టీ మీద 1971, 1973 మాంట్రియల్ పేర్లలో మళ్లీ అతనే. 1967 ఫైనల్లో అవతలి వైపు ఎవరున్నారంటే, ఒకప్పుడు టొరంటోలో ఇతనితో కలిసి రెండు కప్‌లు గెలిచిన డఫ్.

మహోవ్లిచ్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నాకు మనసుకి బాగా పట్టింది ఈయనే. తల్లిదండ్రులు క్రొయేషియా నుంచి వలస వచ్చి ఉత్తర ఒంటారియోలో గనుల ఊళ్లో స్థిరపడ్డవాళ్లు. 1960-61లో 48 గోల్స్ కొట్టాడు, టొరంటోకి నాలుగు కప్‌లు గెలిపించిన జట్లలో ఉన్నాడు. అంత ఆటగాడి పేరుని సొంత కోచ్ పంచ్ ఇమ్లాక్ సరిగ్గా పలికేవాడు కాదు, ఏళ్ల తరబడి తప్పుగానే పిలిచాడు. సొంత ఊరి ప్రేక్షకులే వెక్కిరించేవాళ్లు. ఆ ఒత్తిడి తట్టుకోలేక ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు ఆఫీసులో నా ఇంటిపేరుని పన్నెండేళ్లుగా ముక్కలు చేసి పలకడం గుర్తొచ్చింది, మన వాళ్లు ఎవరికైనా గుర్తొస్తుంది. 1968లో డెట్రాయిట్ జట్టుకి ట్రేడ్ చేశారు, అంటే ఆటగాళ్ల మార్పిడిలో ఇచ్చేశారు, 1971 జనవరిలో అక్కడి నుంచి మాంట్రియల్‌కి. అక్కడ తమ్ముడు పీటర్ అప్పటికే ఆడుతున్నాడు. ఆ వసంతంలోనే ప్లేఆఫ్స్‌లో, అంటే కప్ కోసం జరిగే చివరి పోటీల్లో, 20 మ్యాచ్‌ల్లో 14 గోల్స్, తోటివాళ్ల గోల్స్‌కి అందించినవి కూడా కలిపి మొత్తం 27 పాయింట్లు, కప్. వీపు మీద నంబర్ మాత్రం టొరంటోలోనూ, మాంట్రియల్‌లోనూ అదే 27.

ఇదంతా నాన్నకి తెలుగులో చెప్తూ ఉంటే ఆయన మధ్యలో ఆపి, "మన హాకీలోనూ ఉన్నారమ్మా" అన్నారు. ఆయనకి ఐస్ హాకీ కొత్త గానీ గడ్డి మీద హాకీ ప్రాణం, హైస్కూల్లో డ్రిల్ మాస్టారు చెప్పిన కథలన్నీ ఇప్పటికీ గుర్తే. 1936 బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్ జట్టులో ఆడి భారత్‌కి బంగారం తెచ్చిన దారా, 1948 లండన్ ఒలింపిక్స్‌లో పాకిస్థాన్ కెప్టెన్. అదే 1948లో భారత్ తరఫున బంగారం గెలిచిన లతీఫుర్ రెహమాన్, అఖ్తర్ హుస్సేన్ 1956 మెల్‌బోర్న్‌లో పాకిస్థాన్ జట్టుతో వెండి పతకం తీసుకున్నారు, ఫైనల్లో ఆ జట్టుని ఓడించింది మనమే, 1-0తో. "వీళ్లని జట్టు మార్చారు అంటామా, దేశమే మధ్యలో చీలిపోయింది" అన్నారు నాన్న. ట్రేడ్‌లో వెళ్లిన వాళ్లతో వాళ్లని కలపలేం, నిజమే. మా బాబు మాత్రం కప్ వదిలేసి తాతయ్య చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు, ఇంటికొచ్చేదాకా దారా గురించే ప్రశ్నలు.

మిగతావి త్వరగా చెప్తాను. ప్లాంట్ మాంట్రియల్‌తో ఆరు కప్‌లు గెలిచాక చాలా ఏళ్లకి టొరంటోకి వచ్చి, నలభై దాటిన వయసులో 1970-71లో మ్యాచ్‌కి సగటున 1.88 గోల్స్ మాత్రమే ఇచ్చాడు. డగ్ గిల్మర్ టొరంటో కెప్టెన్‌గా చేసి, చివర్లో మాంట్రియల్‌కి ఆడి, 2003లో మళ్లీ టొరంటోకి వస్తే మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతింది, ఆట అక్కడితో ఆగిపోయింది. వీళ్లందరూ ఈ హాల్ సభ్యులే, ఫలకాల్లో వెతుక్కోవచ్చు. పిల్లలకి గోల్ కొట్టే ఆట, గోలీగా నిలబడి ఆపే ఆట, కామెంటరీ చెప్పే చోటు ఉన్నాయి. బాగున్నాయి, కానీ వాటికే టైమ్ అంతా పెట్టకండి. కనీసం మూడు గంటలు చేతిలో పెట్టుకుని వెళ్లండి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే మధ్యలో కూర్చోబెట్టుకుంటూ తిప్పండి. హాకీ అసలు తెలియనివాళ్లు వెళ్లేముందు ఒక్క రెండు పేర్ల కథలు చదువుకుని వెళ్తే చాలు, లేకపోతే పేర్లన్నీ గోడ మీద అక్షరాల్లాగే ఉండిపోతాయి. నా వరకైతే అయిదుకి అయిదు.

బయటికొచ్చాక ఇంకొక్క పని చేయండి. అక్కడి నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే లీఫ్స్ ఆడే స్కోషియాబ్యాంక్ అరీనా, దాని బయట లెజెండ్స్ రో అని లీఫ్స్ గొప్పవాళ్ల కంచు విగ్రహాలు ఉన్నాయి, వాళ్లలో మహోవ్లిచ్ ఉన్నాడు. మా బాబు ఎర్ర జెర్సీ వేసుకునే ఆయన పక్కన నిలబడ్డాడు. అటుగా వెళ్తున్న నీలం జెర్సీ పెద్దాయన ఒకరు ఆగి, వాణ్ణి చూసి, విగ్రహాన్ని చూసి, మా చేతిలో ఫోన్ తీసుకుని మా అందరికీ కలిపి ఫోటో తీశారు. మ్యాచ్ ఉన్న సాయంత్రం అక్కడ కాలు పెట్టే చోటు ఉండదు, ఫోటో కావాలంటే మధ్యాహ్నమే వెళ్లండి.