పద్దెనిమిది నిండని పిల్లలకు ఆన్‌లైన్ సంపాదన: ఫైవర్, యూట్యూబ్, మిగతావి ఎలా ఉన్నాయి

ఇంటర్ చదివే పిల్లలు ఆన్‌లైన్ సంపాదన మాట రాగానే "నెలకెంత వస్తుంది?" అని అడుగుతారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: వచ్చిన డబ్బు ఎవరి పేరు మీద, ఏ ఖాతాలో పడుతుంది? 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు ఒప్పందం చేసుకోలేరు. అందుకే పద్ధతిగా నడిచే సంస్థలు అమ్మనో నాన్ననో ముందు నిలబెట్టమంటాయి, లేదంటే పిల్లలను అసలు రానివ్వవు. వయసు అడగకుండా, ఇంట్లోవాళ్ళ ఊసే ఎత్తకుండా "ఇప్పుడే చేరు" అనేవాళ్ళను అక్కడే అనుమానించాలి. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పిల్లలకు ఏది పనికొస్తుందో ఈ కొలతతోనే చూశాం, మార్కులు కూడా దాన్నిబట్టే వేశాం.

ఫైవర్‌కు ఐదుకు మూడున్నర. ఇది చిన్న చిన్న పనులు ఆన్‌లైన్‌లో చేసిపెట్టి డబ్బు తీసుకునే సైటు.

పదమూడేళ్ళు నిండిన పిల్లలు అమ్మ లేదా నాన్న పేరు మీదున్న ఖాతాతో, వాళ్ళ కనుసన్నల్లో ఇక్కడ పని చేసుకోవచ్చని ఫైవర్ నిబంధనల్లోనే ఉంది. అలాంటిదే ఇంకో సైటు అప్‌వర్క్‌లో ఆ వెసులుబాటు లేదు, పద్దెనిమిది నిండాల్సిందే. కాబట్టి ఖాతా తెరిచేటప్పుడే నాన్న పేరు, ఆధార్ మీద ఉన్న అక్షరాలతో, అదే వరుసలో కొట్టాలి. గుర్తింపు పత్రం చూపించమన్నప్పుడు ఆయన కార్డు, ఆయన ముఖమే కావాలి. పిల్లలు తమ పేరుతో తెరిచి, పుట్టిన సంవత్సరం మార్చి పెట్టారంటే గుర్తింపు అడిగిన రోజు ఖాతా ఆగిపోతుంది, అందులో ఉన్న డాలర్లూ దాంతోపాటే చిక్కుకుంటాయి. ఒక మనిషికి ఒకటే ఖాతా. అన్నకొకటి, తమ్ముడికొకటి అని నాన్న పేరు మీదే రెండు తెరిస్తే రెండూ పోతాయి.

ఇంకో చిన్న చిక్కు ఉంది. ఓటీపీ నాన్న ఫోనుకు పోతుంది. ఆయన శనగ చేలో ఉంటాడు, సిగ్నల్ అందేలోపు దాని గడువు అయిపోతుంది. "నాయనా, నెంబరు చెప్పు" అని అరిచి లాభం లేదు. లాగిన్, బ్యాంకు వివరాలు, గుర్తింపు పరీక్ష లాంటివన్నీ ఒక ఆదివారం పొద్దున ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకేసారి ముగించుకోవడం మేలు.

ఏం అమ్మాలి? లోగోలు, ఫోటో వెనకభాగం తీసెయ్యడం, డేటా ఎంట్రీ... ఇవి ప్రపంచమంతా చేస్తోంది. కొత్త ఖాతా ఎన్నో పేజీలో ఉందో కూడా తెలియదు. మన దగ్గర ఉన్న సరుకు భాష. తెలుగు సబ్‌టైటిళ్ళు, పాత డీటీపీ ఫైళ్ళను యూనికోడ్‌లోకి (ఏ ఫోనులోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి) మార్చడం, మెషీన్ చేసిన తెలుగు అనువాదాన్ని సరిదిద్దడం, వీటికి పోటీ తక్కువ. రాయలసీమ పిల్లలకు ఇంకో మేలు ఉంది. కడప, కర్నూలు పాతబస్తీల్లో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే పిల్లలు ఎందరో. ఆదోని, రాయదుర్గం వైపు కన్నడం కూడా వస్తుంది. తెలుగు-ఉర్దూ, తెలుగు-కన్నడం జోడీలు రెండూ బాగా వచ్చినవాళ్ళు ఆ సైటులో తక్కువ. ఆ జోడీని గిగ్ (అంటే సైటులో మనం అమ్మకానికి పెట్టే పని) పేరులోనే పెట్టాలి.

సబ్‌టైటిల్ పనిని కాస్త దగ్గరగా చూద్దాం. క్లయింటు పది నిమిషాల వీడియో పంపుతాడు, ఎస్‌ఆర్‌టీ ఫైలు కావాలంటాడు. అది మామూలు టెక్స్ట్ ఫైలే: వరుస సంఖ్య, కింద 00:00:05,000 --> 00:00:08,200 అని సమయం, దాని కింద మాట, తర్వాత ఒక ఖాళీ లైను. సెకన్ల తర్వాత చుక్క కాదు, కామా పెట్టాలి. చుక్క పెడితే కొన్ని ప్లేయర్లు ఆ లైనును వదిలేస్తాయి. ఒక్కో ముక్కకు రెండు లైన్లు దాటకూడదు. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేస్తే సమయాలు చేత్తో కొట్టే పని తప్పుతుంది. నోట్‌ప్యాడ్‌లో చేస్తే సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఉందో లేదో చూడాలి. ఏఎన్‌ఎస్‌ఐలో సేవ్ అయిందంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, ఇక వెనక్కి రాదు.

యూనికోడ్ పనిలో తప్పులు ఇంకో రకం. జిరాక్స్ షాపుల్లో, ప్రెస్సుల్లో అను ఫాంట్లతో కొట్టిన ఫైలు ఫోనులో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. కన్వర్టర్‌లో వేస్తే మారుతుంది గానీ వత్తులు పక్క అక్షరానికి జారిపోతాయి, ఘ-ఝ-ఱ లాంటివి తప్పుతాయి. 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో ట్ కూ వే కూ మధ్య కనబడని విరుపు గుర్తు ఒకటి ఉండాలి. అది లేకపోతే 'సాఫ్ట్వేర్' అయిపోతుంది. మార్చిన ప్రతి పేజీనీ అసలు కాగితంతో పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిందే. కన్వర్టర్ నుంచి వచ్చింది వచ్చినట్టే పంపితే క్లయింటు మళ్ళీ రాడు. మెషీన్ అనువాదాల్లోనైతే ఒకే మనిషిని ఒక వాక్యంలో 'నువ్వు', ఇంకో వాక్యంలో 'మీరు' అనడం, ఆడమనిషికి మగ క్రియ పెట్టడం ఎక్కువ కనిపిస్తాయి. ముందు వాటినే వెతకాలి.

ఇప్పుడు లెక్క. పది డాలర్ల ఆర్డరు మీద ఫైవర్ 20 శాతం పట్టుకుంటుంది, ఎనిమిది మిగులుతాయి. డాలరు 85 రూపాయలనుకుంటే 680. అందులోంచి డబ్బు బ్యాంకుకు తెచ్చుకునే ఖర్చు కూడా పోతుంది. పది నిమిషాల వీడియోకు కొత్తవాళ్ళకు మూడు గంటలకు తక్కువ పట్టదు, అంటే గంటకు 220 చిల్లర. పని అందించాక క్లయింటు మాట్లాడకపోతే మూడు రోజులకు ఆర్డరు దానంతటదే పూర్తవుతుంది. ఆ తర్వాత డబ్బు చేతికి రావడానికి ఇంకో 14 రోజులు. మొదటి ఆర్డరుకే వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. వచ్చే నెల ఫీజు దీంతో కట్టాలనుకునేవాళ్ళకు ఇది దారి కాదు. మార్కులు తగ్గించింది అందుకే.

గడువు ఒక్కరోజు అని పెట్టకండి. మూడు రోజులు పెట్టండి. కరెంటు పోతుంది, నెట్ పోతుంది, యూనిట్ టెస్టు వస్తుంది. ఆలస్యమైన ఆర్డరు రేటింగును దించుతుంది, అది ఎక్కడం కష్టం. పరీక్షల నెలలో గిగ్‌ను ఆపి పెట్టుకోవచ్చు, ఆ మీట ఉంది.

కొత్త ఖాతాకు వచ్చే మొదటి మెసేజి చాలాసార్లు మోసమే. "పెద్ద పని ఉంది, టెలిగ్రామ్‌లోకి రా" అంటారు, లేదా ఈ-మెయిల్ అడిగి, ఫైవర్ పేజీలాగే ఉండే లింకు పంపి, డబ్బు అందుకోవడానికి కార్డు నంబరు కొట్టమంటారు. పని మాట్లాడుకోవడం, డబ్బు అందుకోవడం అన్నీ సైటు లోపలే జరగాలి. ఫోను నంబరు ఇచ్చి బయట మాట్లాడుకుంటే ఫైవర్ కూడా హెచ్చరిక ఇస్తుంది. "మీ ఖాతా మాకు అద్దెకివ్వండి, నెలకింత ఇస్తాం" అనేవాళ్ళూ వస్తారు. అది నాన్న ఆధార్‌ను అద్దెకివ్వడమే.

యూట్యూబ్‌కు మూడు. ఓపిక ఉన్న పిల్లలకు నాలుగు.

ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. నిడివి వీడియోల ప్రకటనల్లో 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం చానల్‌కు వస్తుంది. తెలుగు షార్ట్స్‌కు వ్యూస్ వచ్చినంత వేగంగా రూపాయలు రావు. రోజుకో షార్ట్ కన్నా వారానికొక పది నిమిషాల వీడియో, ఉదాహరణకు పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష లెక్కలో, ఉగ్గాని-బజ్జీ చేసే పద్ధతో, నాలుగేళ్ళయినా ఎవరో ఒకరు వెతుక్కుంటూ వచ్చేది పెట్టడం మంచిదని మా అభిప్రాయం. సినిమా ముక్కలు, టీవీ వార్తల ముక్కలు అతికించిన చానల్‌కు సబ్‌స్క్రైబర్లు వచ్చినా దరఖాస్తు దగ్గర తిరగ్గొడతారు. ఒకే మూసలో మెషీన్ గొంతుతో గుట్టలుగా పోసిన వీడియోలకూ అంతే. 2025 జులై నుంచి పదహారు నిండనివాళ్ళు ఒంటరిగా లైవ్ పెట్టడానికి వీల్లేదు, అదీ గుర్తుంచుకోవాలి.

ఇక్కడ కూడా డబ్బు దారి పెద్దవాళ్ళ గుండానే. ప్రకటనల డబ్బు గూగుల్ నుంచి అందుకునే యాడ్‌సెన్స్ ఖాతా పద్దెనిమిది నిండినవాళ్ళ పేరు మీద ఉండాలి, దాన్ని పిల్లల చానల్‌కు జోడించాలి. నాన్నకు ఇప్పటికే యాడ్‌సెన్స్ ఉంటే దాన్నే జోడించండి, రెండోది తెరిస్తే ఒప్పుకోరు. పది డాలర్లు చేరగానే ఇంటి చిరునామా సరిచూడటానికి గూగుల్ ఒక పిన్ నంబరును మామూలు పోస్టులో పంపుతుంది. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పల్లెల్లో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. చిరునామాలో డోరు నంబరు, వీధి, ఊరు, మండలం, పిన్‌కోడు ఉండాలి, 'కేరాఫ్' పెట్టి ఇంటి పెద్ద పేరు రాయాలి. బ్రాంచి పోస్టాఫీసులో ముందే ఒక మాట చెప్పి ఉంచితే ఆ చిన్న కవరు పక్కన పడిపోదు. నాలుగు నెలల్లో ఆ నంబరు కొట్టకపోతే చానల్ మీద ప్రకటనలు ఆగిపోతాయి. డబ్బు 100 డాలర్లు చేరాకే బ్యాంకుకు వస్తుంది, అదీ నెలలో 21-26 తేదీల మధ్య.

పన్ను ఫారం సంగతి ఎవరూ చెప్పరు. యాడ్‌సెన్స్‌లో డబ్ల్యూ-8 బెన్ అనే అమెరికా ఫారం నింపాలి, నాన్న పాన్ నంబరు అందులో ఇవ్వాలి. నింపితే అమెరికాలో చూసినవాళ్ళ వల్ల వచ్చిన భాగం మీద మాత్రమే 15 శాతం పోతుంది. నింపకపోతే అన్ని దేశాల నుంచి వచ్చిన మొత్తం మీదా 24 శాతం దాకా పట్టుకోవచ్చు. పావుగంట పని అది.

అమ్మ పేరు మీద వాట్సాప్ బిజినెస్ పెట్టి సరుకు అమ్మడానికి మూడున్నర. ధర్మవరం చీరలు, ఇంటి పచ్చళ్ళు, అమ్మ కుట్టిన మగ్గం పని జాకెట్లు లాంటివాటికి బాగుంటుంది. కేటలాగ్‌లో 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు. పిల్లల ఇన్‌స్టాగ్రామ్ నుంచి అమ్మడం కుదరని పని. పద్దెనిమిదిలోపు ఖాతాలు ఇప్పుడు మొదటినుంచీ ప్రైవేటుగానే ఉంటాయి, కొనేవాళ్ళకు కనబడవు. చీర ఫోటో పగటి వెలుతురులో తియ్యాలి, ట్యూబ్‌లైటు కింద తీస్తే అంచు రంగు మారి చీర వెనక్కొస్తుంది. కొనేవాళ్ళు పంపిన స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపొద్దు, అమ్మ బ్యాంకు ఖాతాలో పడిందా లేదా చూసి పంపండి. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే జీఎస్టీ ప్రశ్న వస్తుంది, మొదట ఆంధ్రలోనే అమ్ముకోవడం సుఖం.

సర్వేలు, కాప్చా టైపింగ్‌కు (బొమ్మలోని వంకర అక్షరాలు చూసి కొట్టే పనికి) ఒకటి. గూగుల్ వాళ్ళ సర్వే యాప్‌కే పద్దెనిమిది నిండాలి. కాప్చాలు వెయ్యి కొడితే ఒక డాలరు రావడమే గగనం, కళ్ళు పోవడం తప్ప మిగిలేది లేదు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని, తర్వాత "తప్పులున్నాయి, ఒప్పందం మీరారు, లాయరు నోటీసు" అని బెదిరించే టైపింగ్ ఉద్యోగాలకు సున్నా. మైనరుతో ఒప్పందమే చెల్లదు, ఆ నోటీసుకు భయపడి ఒక్క రూపాయి కట్టొద్దు. రమ్మీ, డబ్బు కట్టి ఆడే క్రికెట్ టీములు లాంటివి 2025 ఆగస్టులో వచ్చిన చట్టంతో దేశమంతా నిషేధం. ఇంకా నడుపుతున్నాడంటే వాడు చట్టం బయట ఉన్నాడని అర్థం.

వచ్చిన డబ్బు నాన్న ఖాతాలో పడుతుంది కదా, పన్ను ఎవరిది? పిల్లలు సొంత నేర్పుతో, కష్టంతో సంపాదించింది పిల్లల ఆదాయంగానే లెక్కకొస్తుంది, తల్లిదండ్రుల ఆదాయంలో కలవదు. కానీ ఎవరు చేసిన పనో చూపించాలి. ఒక నోటుపుస్తకంలో తేదీ, పని, డాలర్లు, ఖాతాలో పడిన రూపాయలు రాసుకుంటూ పోండి. పదేళ్ళు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చని 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు చెప్పింది. పరిమితి ఎంతనేది ఆ బ్యాంకు ఇష్టం. నాన్న నెలనెలా అందులోకి మారిస్తే లెక్క తేటగా ఉంటుంది.

ఆ ఖాతా గురించే ఇంకో మాట. చిన్న పనులకు డబ్బిస్తామని టెలిగ్రామ్‌లో నడిపే 'టాస్కుల' మోసంలో మొదట మూడు వీడియోలకు లైక్ కొట్టమని 150 రూపాయలు నిజంగానే వేస్తారు. తర్వాత వెయ్యి కడితే పదమూడు వందలు తిరిగొస్తాయి. అప్పుడు ఐదు వేలు, ఇరవై వేలు కట్టమంటారు. తెర మీద మాత్రం లాభం పెరుగుతూ ఉంటుంది, తీసుకోబోతే "పన్ను కట్టు" అంటారు. కట్టిన ప్రతిసారీ డబ్బు వేరే వేరే మనుషుల ఖాతాల్లోకి పోతుంది. ఆ ఖాతాలు ఎవరివి? "నీ పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వు, నెలకు ఐదు వేలిస్తాం" అంటే ఇచ్చిన పిల్లలవి, ఇంట్లోవాళ్ళవి. ఎక్కడో వేరే రాష్ట్రంలో కేసు పెడితే ఇక్కడ ఖాతా ఆగిపోతుంది, పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది కార్డు ఇచ్చినవాళ్ళ ఇంటికే.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి. పొద్దున చేద్దాం, నాన్నకు తెలిస్తే తిడతాడు అని ఆగితే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. ఫోన్ చేసేముందు యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి పన్నెండంకెల యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య), తేదీ, సమయం, మొత్తం, డబ్బు ఏ ఖాతాకు పంపారో కాగితం మీద రాసి పెట్టుకోండి. టెలిగ్రామ్ చాట్ డిలీట్ చెయ్యకుండా స్క్రీన్‌షాట్లు తియ్యండి. 1930 వాళ్ళిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకుని, బ్యాంకు బ్రాంచిలో కూడా అదే నంబరుతో దరఖాస్తు ఇచ్చి, రసీదు మీద ముద్ర వేయించుకోండి.