యూపీఐ లైట్: చిల్లర ఖర్చులకు ఏడాది వాడాక

గత సంవత్సరం పాస్‌బుక్‌లో పద్దులు ముద్రించుకోవడానికి బ్యాంకుకు వెళ్లినప్పుడు, 10, 12, 20 రూపాయల చెల్లింపులతోనే పుస్తకం నిండిపోయి, పింఛను ఏ తేదీన జమ అయిందో వేలు పెట్టి వెతుక్కోవలసి వచ్చింది. టీకొట్టు, కొత్తిమీర కట్ట, ఆటో, ఇవన్నీ నా ఖాతా చరిత్రలోకి ఎక్కాయి. కొత్త పుస్తకం ఇస్తూ కౌంటరులోని ఉద్యోగి, చిన్న ఖర్చులకు యూపీఐ లైట్ వాడుకోమని సలహా ఇచ్చారు. ఏడాదిగా వాడుతున్నాను.

మామూలు యూపీఐలో 10 రూపాయలు చెల్లించినా ఆ సొమ్ము అప్పటికప్పుడు మన బ్యాంకు ఖాతాలోంచే తగ్గాలి కాబట్టి, బ్యాంకు సర్వరు మొరాయించిన రోజున కొట్టువాడి ఎదుట ఫోను పట్టుకుని నిలబడటం తప్ప చేయగలిగింది లేదు. లైట్‌లో అయితే కొంత సొమ్మును ముందుగానే ఖాతా నుంచి యాప్‌లోని నిల్వకు మార్చుకుంటాము. పిన్ అడిగేది అప్పుడే. తరువాత చేసే చిన్న చెల్లింపులకు పిన్ అక్కరలేదు, పాస్‌బుక్‌లో కనిపించేది కూడా ఆ ఒక్క మార్పిడి పద్దే. 2022 సెప్టెంబరులో మొదలైనప్పుడు ఒక్కో చెల్లింపుకు 200, నిల్వకు 2,000 రూపాయల పరిమితి ఉండేది. 2024 డిసెంబరులో రిజర్వు బ్యాంకు వాటిని 1,000కి, 5,000కి పెంచింది. రైతుబజారుకు వెళ్లివచ్చే మనిషికి ఇది ధారాళంగా సరిపోతుంది. అయితే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుందని నేను మొదట పొరబడ్డాను, సిగ్నల్ ఉండవలసిందే.

పిన్ లేకపోవడమే దీనిలోని సుఖం, భయం కూడా అదే. తెరిచి ఉన్న ఫోను ఎవరి చేతికి చిక్కినా నిల్వలోని సొమ్ము చొక్కా జేబులోని చిల్లరతో సమానం. అందుకే ఫోనుకు తాళం పెట్టి, 5,000 వరకు అవకాశం ఉన్నా 1,000 రూపాయలకు మించి నింపను. నిల్వ తగ్గగానే దానంతటదే నింపుకొనే సదుపాయం కూడా ఉన్నది గాని, ఖర్చు ఎంతవుతున్నదో తెలియకుండా పోతుందని దాన్ని పెట్టుకోలేదు. ఈ నిల్వపై వడ్డీ రాదు. 1,000 రూపాయలకు వచ్చే వడ్డీ ఎంత గనుక, దాన్ని లోపంగా లెక్కించను. ఇతరులు మనకు పంపే సొమ్ము మాత్రం ఇందులోకి రాదు, నేరుగా ఖాతాలోనే పడుతుంది. ఇంటి జమాఖర్చులు రాసుకునేవారికి ఒక అసౌకర్యం ఉన్నది: ఏ రోజు ఎవరికి ఎంత ఇచ్చామో పాస్‌బుక్‌లో దొరకదు, యాప్‌లోనే చూసుకోవాలి.

ఫోను మార్చే ముందు లైట్‌ను ఆపివేయడం మరవకూడదు. అలా ఆపినప్పుడు మిగిలిన సొమ్ము తిరిగి ఖాతాకు వెళుతుంది. మొన్న పాత ఫోనులో ఆపినప్పుడు నావి 140 రూపాయలు మిగిలి ఉన్నాయి. అవి వెంటనే జమ అయి, పాస్‌బుక్‌లో పింఛను పద్దు కిందనే ఒక వరుసగా చేరాయి.