‘బలగం’: నల్లి బొక్క పంచాయితీలో మీరెవరి పక్షం?

సినిమాలో ఉన్నది మనుషులా, డైలాగులు చెప్పే బొమ్మలా అని తేల్చుకోవడానికి నాకొక లెక్క ఉంది. సినిమా అయిపోయాక ఇంట్లోవాళ్లు హీరో గురించీ ఫైట్ల గురించీ మాట్లాడితే అదొక రకం. ‘ఆయన ఆ మాట అనకుండా ఉండాల్సింది’ అని తెర మీది మనిషి కోసం వీళ్లు తగాదా పడితే అది ఇంకో రకం. 2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’ మా ఇంట్లో ఇప్పటికీ రెండో రకమే. పండక్కి అందరం చేరితే ఎవరో ఒకరు టీవీలో పెడతారు. తెర మీద తాత కొమురయ్య ఇంకా ప్రాణాలతో ఉండగానే మాటలు మొదలవుతాయి.

మాది జగిత్యాల వైపు పల్లె. నేను పెద్ద కుటుంబానికి చిన్న కోడలిని, ప్రస్తుతం ఉండేది ఉప్పల్‌లో. చావుకు వెళ్లి పదకొండు దినాలు అక్కడే ఉండి, వచ్చినవాళ్లకు వండిపెట్టి, అంట్లు తోమి వచ్చినదాన్ని కాబట్టి ఈ సినిమా చూసేటప్పుడు నా కళ్లు కెమెరా చూపించని చోటికి కూడా పోతుంటాయి. కాబట్టి ఇది సినిమా పండితుల రివ్యూ కాదు, దినాల ఇంటి వంటగదిలోంచి రాస్తున్న రివ్యూ అనుకోండి.

కథ చిన్నదే. కొమురయ్య ఊరంతా తిరుగుతూ అందరితో పరాచికాలాడే ముసలాయన. మనవడు సాయిలు అప్పుల్లో కూరుకుపోయాడు, కట్నం వస్తే తీర్చేద్దామని కూర్చున్నాడు. నిశ్చితార్థం దగ్గర పడ్డాక తాత కన్నుమూస్తాడు. సాయిలుకు తాత పోయాడన్న బాధ కంటే కట్నం పోతుందేమోనన్న టెన్షన్ ఎక్కువ. మూడో రోజు పిట్టకు పెడితే, అంటే పోయినాయనకు ఇష్టమైనవి వండి కాకికి పెడితే, కాకి ముట్టదు. ముట్టలేదంటే పోయినాయనకు ఏదో కోరిక తీరనట్టే. సాయిలు తండ్రి ఐలయ్యకూ, ఆయన బావ నారాయణకూ పాత పగ మళ్లీ రాజుకుంటుంది, పిల్ల తరఫువాళ్లు సంబంధం వద్దని వెళ్లిపోతారు. ఐదో రోజూ కాకి ముట్టదు. ఇక మిగిలింది పదకొండో రోజు.

చావు ఇంట్లో నవ్వు ఎలా పుడుతుందో తెలిసినవాళ్లు రాసిన కథ ఇది. ఒక మూల శోకాలు, ఇంకో మూల వంటకు ఎంత బియ్యం పోయాలన్న లెక్క, అరుగు మీద మందు ఎవరు తేవాలన్న గుసగుస... ఇవన్నీ ఒకే గంటలో జరుగుతాయి, ఏదీ అబద్ధం కాదు. సిరిసిల్ల వాడైన దర్శకుడు వేణు ఎల్దండికి ఇది మొదటి సినిమా. అంతకు ముందు కమెడియన్‌గానే తెలుసు మనకు. నవ్వించడం వచ్చినవాడు కాబట్టే ఎక్కడ నవ్వించకూడదో తెలిసిందేమో.

పిట్టకు పెట్టే సీన్ సంగతే తీసుకోండి. విస్తరిలో అన్నీ పెట్టి, అందరూ దూరం జరిగి నిలబడతారు. ఇక ఎదురుచూపే. అక్కడ ఏడుపు ఉండదు, మ్యూజిక్‌తో పని ఉండదు. ఎండలో నిలబడ్డ బంధువుల మొహాల్లో ముందు భక్తి, కాసేపటికి విసుగు, ఆ తర్వాత చిన్న భయం. ఆయనకు ఇష్టమైనది ఏం మరిచిపోయామని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నిజంగా అక్కడ నిలబడ్డవాళ్లకు తెలుసు, ఆ కాసేపట్లో ప్రతివాడికీ పోయిన మనిషితో తను చేసిన తప్పే గుర్తొస్తుంది. మందులకు డబ్బులివ్వనివాడు ఒకడు, చివరిసారి ఫోన్ ఎత్తనివాడు ఇంకొకడు. ఎవరూ బయటికి చెప్పరు, కాకినే తిడతారు. ఆ మూడ్‌ను సినిమా ఒక్క డైలాగ్‌తో కూడా వివరించదు. థియేటర్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన కాకి కోసం తెర పైమూలకు చూస్తున్నాడు, అంతకంటే ఏం చెప్పాలి.

ఇక నల్లి బొక్క. కోస్తావాళ్ల కోసం చెప్తున్నా, మూలుగ ఉండే ఎముక. విందులో అల్లుడికి నల్లి బొక్క పడాలి, పడకపోతే మర్యాద తక్కువైనట్టు. ఏళ్ల కిందట దాని దగ్గర వచ్చిన మాటకు నారాయణ అలిగి వెళ్లిపోయాడు, మళ్లీ అత్తగారి గడప తొక్కలేదు. వినడానికి నవ్వొస్తుంది. మా పెద్ద యారాలి, అంటే తోడికోడలి కొడుకు, బెంగళూరులో ఉద్యోగం, మొదటిసారి చూసినప్పుడు “ఇంత చిన్నదానికా?” అన్నాడు. పక్కనున్న మా ఆడబిడ్డ భర్త, నేను అన్నయ్య అని పిలుస్తాను, వెంటనే అందుకున్నారు.

“బొక్క కోసం కాదురా. నలుగురిలో ఇజ్జత్ తీసినంక మళ్ల ఎట్ల వస్తడు? బావమర్దులు ఒక్కసారన్న ఇంటికొచ్చి పిలిచిన్రా?”

మా ఆయన ఊరుకోలేదు. “పిలిస్తే వస్తడా బావా? పిలువకపోతే అలుగుడు, పిలిస్తే బెట్టు. మీ అల్లుండ్లందరు గంతే.”

ఇక చూడండి. టీవీ సౌండు తగ్గించి మరీ వాదించుకున్నారు. మా ఆయన బావమరిది, అన్నయ్య అల్లుడు కాబట్టి ఎవరి పక్షం వాళ్లకు ముందే రాసిపెట్టి ఉంది. ఇందులో నాకు నచ్చిందేమిటంటే సినిమా తీర్పు చెప్పదు. ఐలయ్యగా చేసిన కోట జయరాంను చూస్తే ఇంటి బరువు మోసి మోసి నోరు చేదైన పెద్దకొడుకు కనిపిస్తాడు. నారాయణగా మురళీధర్ గౌడ్‌ను చూస్తే, లోపల ఎప్పుడో మెత్తబడిపోయి, దిగడానికి నిచ్చెన దొరకని మనిషి కనిపిస్తాడు. ఇద్దరిలో ఒకణ్ని విలన్ చేసి ఉంటే ఈ వాదన ఐదు నిమిషాల్లో తెగిపోయేది.

మెచ్చనివాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటా రాయాలి. మా అపార్ట్‌మెంట్లో భీమవరం నుంచి వచ్చిన ఆంటీగారు సగంలోనే లేచారు. “ఇంతసేపూ చావు గోలేంటమ్మా, మా వైపు కాకి రాకపోతే ఆవుకి పెట్టేసి వచ్చేస్తాం కదా” అన్నారు. మొదటి మాట ఒప్పుకోను గానీ రెండో మాటలో పాయింటు ఉంది. కాకి ముట్టకపోతే ఇంటివాళ్లు కుమిలిపోవడం నిజం. ఊరి పెద్దలు కూర్చుని పదకొండో రోజును గడువులా పెట్టి బెదిరించడం మాత్రం కథకు తొందర పుట్టించడానికి తెచ్చిపెట్టుకున్నట్టుంది. అప్పటిదాకా మనిషి లోపల ఉన్న భయం అక్కడ బయటి భయమైపోయింది. అది లేకున్నా సినిమా నడిచేది.

సాయిలు విషయంలో నా ఫిర్యాదు ఇంకొంచెం పెద్దది. ప్రియదర్శి నటనకు వంక పెట్టలేం, అప్పులవాణ్ని చూసి మొహం తిప్పుకునే తీరు చూడండి, మన గల్లీలో కుర్రాడే. కానీ మొదటి సంబంధం పోగానే వాడి చూపు మేనత్త కూతురు సంధ్య మీద పడుతుంది, ప్రేమతో కాదు, వాళ్ల ఆస్తి లెక్కేసుకుని. అంత లెక్కలున్నవాడు చివరికి తాత మనసు అర్థం చేసుకున్న మనవడు అవుతాడు. మారడం తప్పు కాదు, మారిన దారి సగమే చూపించారు. అప్పు సంగతి కూడా అక్కడెక్కడో జారిపోతుంది. కావ్య కళ్యాణ్‌రామ్ సంధ్యగా చక్కగా ఉంది, ఆ పిల్లకు నవ్వడం తప్ప పెద్దగా పని ఇవ్వలేదు. ‘ముందు కట్నం కోసమే నా వెనక పడ్డావా’ అని ఆమె వాణ్ని గట్టిగా నిలదీసి ఉంటే మా ఇంట్లో ఆడవాళ్లం చప్పట్లు కొట్టేవాళ్లం.

నన్నడిగితే ఈ సినిమాకు అసలు మనిషి లక్ష్మి. కొమురయ్య కూతురు, నారాయణ పెళ్లాం. రూపాలక్ష్మి చేశారు. మగవాళ్లు నల్లి బొక్క దగ్గర అలిగితే, పుట్టిల్లు బందయింది ఈమెకు. తండ్రి పోయాకగానీ ఆ ఇంట్లో అడుగుపెట్టలేకపోయింది. వచ్చాక కూడా ఏడుస్తూనే ఒక కన్ను మొగుడి మీద వేసి ఉంచాలి, ఆయన మళ్లీ ఎక్కడ లేచి వెళ్లిపోతాడో అని. మా వైపు ఆడవాళ్లు చావు దగ్గర ఊరికే ఏడవరు, మాటలు చెప్పి ఏడుస్తారు. ఒకరి మెడ మీద ఒకరు పడి, పోయినాయన చేసిన మేలు, తమకు జరిగిన అన్యాయం, అన్నీ ఆ రాగంలోనే చెప్పుకుంటారు. మామూలు రోజున నోరెత్తలేని కోడలు కూడా అప్పుడు నాలుగు మాటలు అనేయొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. రూపాలక్ష్మి ఏడుపులో ఆ తీరు ఉంది. గ్లిజరిన్ ఏడుపు కాదు.

కానీ ఆమెను ఎవరూ ఏమీ అడగరు. సినిమాలోనూ అడగరు, మా ఇంట్లోనూ అంతే. అన్నయ్య, మా ఆయన గంటసేపు ఐలయ్య, నారాయణ అని గొంతులు చించుకుంటుంటే మా అత్తమ్మ వత్తులు చేసుకుంటూ తల ఎత్తకుండా అంది: “వీళ్లిద్దర్ని పక్కన పెట్టున్రి. లచ్చవ్వ బాపును సూడక ఎన్నేండ్లాయె, గది ఎవలన్న అడిగిన్రా?” అక్కడితో సౌండు మళ్లీ పెరిగింది. మా ఆడబిడ్డ మాత్రం చాయ్ పెడతానని లేచి లోపలికి వెళ్లింది.

చివరి ఘట్టం గురించి, చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి. పదకొండో రోజు కొమురయ్య కథను ఇంటివాళ్ల ముందే పాటగా పాడతారు. పాడింది సినిమా గాయకులు కాదు, వరంగల్ వైపు ఊరూరా తిరిగి పాడుకుంటూ బతికిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. నిజంగా చావు ఇళ్లలో పాడిన గొంతులు కావడంతో ఎవరి ఏడుపును ఎక్కడ తాకాలో వాళ్లకు తెలుసు. ఒక్కొక్క పేరు తీసి పాడుతుంటే వినేవాడు కుదురుగా కూర్చోలేడు. కొంచెం ఎక్కువైంది అనేవాళ్లున్నారు. ఏడుపు మీద ఏడుపు పేర్చారన్నది నిజమే, రెండు నిమిషాలు తగ్గిస్తే బాగుండేది. అయినా కొడుకులూ కూతురూ ఒకరినొకరు పట్టుకునే దగ్గర నాకు తప్పు పట్టాలనిపించలేదు. నాకు లోటనిపించింది ఒక్కటే: అంతమంది ఏడ్చి కలుస్తారు గానీ ‘నేను ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది’ అని ఒకరికొకరు తీరిగ్గా చెప్పుకోరు. పాట ఆ పని చేసేసింది. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఇప్పుడు ఆ సీన్ వస్తే మా అత్తమ్మ దండం పెడుతుంది.

మిగతావి క్లుప్తంగా. సంగీత దర్శకుడు భీమ్స్ పాటలు కథలోంచే పుట్టాయి. కాసర్ల శ్యామ్ రాసిన ‘ఊరు పల్లెటూరు’ పాటకు జాతీయ అవార్డు వచ్చింది, న్యాయమే. మొగిలయ్య అనే పేరే ఉన్న చిన్నకొడుకు పాత్రకు ఇంకాస్త చోటు ఇవ్వాల్సింది. తాగి మాట్లాడే సీన్లు రెండు తగ్గించినా ఎవరూ అడగరు. కొమురయ్యగా సుధాకర్ రెడ్డి తెర మీద ఉండేది కొద్దిసేపే, అయినా ఆయన లేని సీన్లన్నీ ఆయనవే.

ఆ ఏడు ఎండాకాలం చాలా పల్లెల్లో పంచాయతీ ఆఫీసుల ముందు తెర కట్టి ఈ సినిమా వేశారు, మా ఊళ్లోనూ వేశారు. విడిపోయిన అన్నదమ్ములు ఇది చూసి కలిశారని పేపర్లలో చదివాను. మా ఊళ్లో అలాంటివాళ్లు నాకైతే కనబడలేదు. మా పాలివాళ్లు ఇద్దరు ఒకే చాప మీద కూర్చుని, ఒకే టవల్‌తో కళ్లు తుడుచుకుని, తెల్లారి పొలం గెట్టు దగ్గర తగాదా మళ్లీ మొదలుపెట్టారు. సినిమా తప్పేం లేదు, గెట్టు అలాంటిది.

ఐదుకు నాలుగు ఇస్తాను. పంచాయితీ గడువుకు అర, సంధ్యకు పని ఇవ్వనందుకు అర కోత. ఓటీటీలో దొరుకుతుంది, రెండు గంటల చిల్లర నిడివి. పిల్లలతో చూడొచ్చు, తాగుడు సీన్లున్నాయి, అది చూసుకోండి. అల్లుళ్లూ బావమరుదులూ ఒకే గదిలో ఉంటే మాత్రం ముందు భోజనాలు పెట్టేయండి. మటన్ వండితే నల్లి బొక్కలు సరిపడా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.