పండుగ పాటగా నేర్పిన ‘బ్లూ డాన్యూబ్’: హన్మకొండలో కీబోర్డు తరగతులు

ఎండాకాలం సెలవుల్లో మా అమ్మాయిని హన్మకొండ చౌరస్తాకు దగ్గరలోని ఈ కీబోర్డు తరగతుల్లో చేర్పించాను. ఐదు నెలలైంది. వారానికి మూడు రోజులు, రోజుకు గంట, నెలకు 1,200 రూపాయల ఫీజు. ఇక్కడ ఒక్క పాటను ఎలా నేర్పారో చెబితే శిక్షణ ఎలాంటిదో అర్థమవుతుంది.

ఆ పాట ఆస్ట్రియా స్వరకర్త రెండవ యోహాన్ స్ట్రాస్ కట్టిన ‘బ్లూ డాన్యూబ్’ వాల్ట్జ్, అంటే జంటలు గుండ్రంగా తిరుగుతూ ఆడే నృత్యానికి కట్టిన బాణీ. ఈ బాణీ ఎక్కడో ఒకచోట వినని వారు అరుదు. అయితే అది మొదట ఒక ఊరి పండుగ కోసం పుట్టిన బృందగానమన్న సంగతి మాత్రం దాదాపు మరుగున పడిపోయింది. 1866లో జర్మన్ రాజ్యమైన ప్రష్యా చేతిలో ఆస్ట్రియా ఓడిపోయి వియన్నా నగరం దిగులుతో ఉన్న రోజుల్లో, క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందు జరిగే కార్నివాల్ వేడుకల్లో, అక్కడి పురుషుల గాయక బృందం దీన్ని 1867 ఫిబ్రవరి 15న తొలిసారి పాడింది. జోసెఫ్ వైల్ రాసిన ఆ సాహిత్యం నగరవాసులను దిగులు మాని సంతోషంగా ఉండమంటుంది. అదే ఏడాది పారిస్ ప్రపంచ ప్రదర్శనలో వాద్యబృందం వాయించాక బాణీ లోకమంతా పాకింది, మాటలు వెనకబడ్డాయి. కీబోర్డు మీద చెయ్యి పెట్టనివ్వకముందే సారు ఇదంతా పిల్లలకు ఓపికగా చెప్పారు.

తరువాత ఆయన చేసిన పనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. వాల్ట్జ్‌ది మూడు దెబ్బల తాళం. కీబోర్డులో ఆ తాళాన్ని దానంతటదే వేసే మీట ఒకటి ఉన్నా నొక్కనివ్వకుండా, పిల్లలను లేపి గుండ్రంగా నిలబెట్టి, బతుకమ్మ ఆడినట్టే తిప్పారు: ఒకటికి అడుగు, రెండుకూ మూడుకూ చప్పట్లు. వియన్నా వాద్యకారులు రెండో దెబ్బను పిసరంత ముందుగా వేస్తారు. ఆ ఊపు యంత్రం వేసే తాళంలో దొరకదు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఆడి వచ్చి వారం కూడా కాని పిల్లలు దాన్ని ఇట్టే పట్టుకున్నారు. మా అమ్మాయి ఎడమచేతి చిటికెన వేలు మంద్రస్వరం మీద బరువుగా ఆని, మిగతా వేళ్లు రెండుసార్లు తేలికగా తాకి లేవడం పక్కనే కూర్చుని చూశాను.

లోపాలున్నాయి. సాయంత్రం బ్యాచ్‌లో పదకొండు మందికి నాలుగే కీబోర్డులు. ఒక్కొక్కరికి పావుగంట మించి దక్కదు. జిరాక్సు స్వరపత్రాల్లో గీతలు కలిసిపోయి కనిపిస్తాయి. రెండుసార్లు చెప్పినా మార్పు లేదు. ఉదయం ఆరున్నర బ్యాచ్‌లో ఐదుగురే ఉన్నారు కనుక, పిల్లలను లేపగలిగితే అందులోనే చేర్పించండి.